ఇచ్చిన పాటు

మా ఖండూ కాకా తాగుడు మొదలెట్టాడని హౌసాబాయి పిండిమర దగ్గర చెప్పిందట. అక్కడ విన్న ఒకావిడ ఆ మాటని బోరింగు దాకా మోసుకొచ్చి మా అమ్మకి అప్పజెప్పింది. "నాకెందుకమ్మా ఒకరింటి సంగతి" అంటూనే బిందె నిండి పొర్లేదాకా చెప్పింది. కాకా పొద్దున్నే పాలడబ్బా పట్టుకుని కాలవ గట్టు మీద వస్తున్నాడట. ఉన్నట్టుండి డబ్బా చేతిలోంచి జారిపోయిందట. పాలన్నీ చెరకు తోటలోకి పారుతుంటే మనిషి వంగి డబ్బా నిలబెట్టకుండా, అదేదో పరాయివాళ్ళదన్నట్టు చూస్తూ నిలబడ్డాడట. "తాగనివాడెవడైనా పాలు ఒలికిపోతుంటే అలా చూస్తాడా?" అని హౌసాబాయి అడిగిందట.

అప్పుడే దీపావళి వెళ్ళింది. చెరకు కోతలు మొదలయ్యాయి. మా నాన్న ఫ్యాక్టరీకి చెరకు తోలే ట్రాక్టరు మీదే ఉండేవాడు, ఇంటికొస్తే స్నానానికొచ్చినట్టే. ఇంట్లో పెత్తనమంతా ఆజీది. నాన్ననీ కాకానీ కన్నతల్లి. పెనిమిటి పహిల్వాను, చిన్నకొడుకు పహిల్వాను, ఇద్దరి లంగోటాలూ ఉతికిన మనిషి. అమ్మ బిందె దించకుండానే సంగతంతా చెప్పింది. ఆజీ అరుగు మీద కూర్చుని కాకా వచ్చేదాకా ఎదురుచూసింది.

"ఒరే ఖండ్యా, ఇటు రా. నోరు తెరువు."

నలభై అయిదు దాటినవాడు, నూటపది కిలోల మనిషి, పెళ్ళీ పెటాకులూ లేకుండా మారుతి గుడికీ కుస్తీలు పట్టే తాలింఖానాకీ మధ్య బతుకు గడిపినవాడు, సంతలో పళ్ళు చూపించే ఎద్దులా మోకాళ్ళ మీద కూర్చుని నోరు తెరిచాడు. ఆజీ ముక్కు లోపల పెట్టినంత పని చేసింది.

"బాదం వాసన," అని తీర్పు చెప్పింది. "మరి డబ్బా ఎందుకు పారేశావురా?"

"పట్టు జారిందమ్మా."

"కుస్తీలో జారని పట్టు పాలడబ్బా దగ్గర జారిందా?"

"పాలడబ్బా లంగోటా కట్టుకోదు కదా. ఎక్కడని పట్టుకోను?"

అందరం నవ్వాం. అమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో అలాగే ఉంది.

నవ్వుల మధ్యలోనే కాకా అసలు సంగతి ఎత్తాడు. కొల్హాపూర్‌లో ఆడపిల్లలకి కుస్తీ నేర్పే హాస్టలు పెట్టారు, తిండీ చదువూ వాళ్ళే చూస్తారు, అంజనాని పంపుదాం అని. అంజనా అంటే నేనే. అప్పటికి పదహారేళ్ళు, యాభై కిలోలు. హనుమంతుడి తల్లి పేరు నాకు పెట్టింది కాకాయే.

ఆజీ వక్క కొరుకుతూ విన్నది. "పంపడానికేం. దీని నడుములో ఏముందో నాకు తెలియొద్దూ? నువ్వే ముద్దుచేసి పడుతున్నావో, ఇదే నిన్ను పడేస్తోందో ఎవరికి తెలుసు. చైత్రంలో జాతర జరిగేలోపల నువ్వు నీ నోటితో అనాలి. 'నేనివ్వలేదమ్మా, అదే తీసుకుంది' అనాలి. ఒక్కసారి చాలు. అన్నావా, సంచీ నేనే సర్దుతా. అనలేదా, పిల్ల చెరకులోకొస్తుంది, వాళ్ళమ్మ వెనకాల మోపులు కడుతుంది."

"సరేనమ్మా," అన్నాడు కాకా. నావైపు చూసి కన్ను గీటాడు.

ఈ ఇవ్వడం, తీసుకోవడం ఏమిటో చెప్పాలి. మా తాలింఖానాలో పెద్దవాడు చిన్నవాడితో కలబడితే, చిన్నవాడు పొద్దున్నంతా పడుతూనే ఉంటాడు. బరువు అలాంటిది. కానీ పడటం ఒక్కటే ఒంటికి పట్టించుకుని ఇంటికి పోతే ఆ కుర్రాడు మర్నాడు రాడు. అందుకని చివర్లో పెద్దవాడు ఒక పాటు ఇస్తాడు, అంటే కుర్రాడి పట్టుకి తానే లొంగి వెల్లకిలా పడతాడు. ఇచ్చినవాణ్ణి మెత్తగా దించాలి, తల కింద చెయ్యి పెట్టాలి. ఇస్తున్న మనిషిని విసిరికొట్టినవాణ్ణి మళ్ళీ మట్టిలో అడుగుపెట్టనివ్వరు. అలాకాక కుర్రాడు నిజంగానే తన బలంతో పడగొట్టాడనుకోండి, పెద్దవాడు లేచి రెండు గుప్పిళ్ళా మట్టి తీసి, ఆ కుర్రాడి రెండు భుజాల మీదా ఒక్కసారే చరుస్తాడు. ఆ రోజు ఆ కుర్రాడు స్నానం చెయ్యడు. చొక్కా విప్పుకుని ఊరంతా తిరుగుతాడు.

నా భుజాల మీద మట్టి ఎన్నడూ పడలేదు. పడటానికి నాకున్న దారి కాకా ఒక్కడే. మిగతా మగపిల్లలెవరూ నాతో కలబడేవాళ్ళు కాదు. పాటిల్ ఇంటి సంగ్రామ్, పంతొమ్మిదేళ్ళవాడు, అందరిలోకీ బలమైనవాడు, ఉన్నమాటే అన్నాడు. "నిన్ను ఓడిస్తే ఆడపిల్లని ఓడించానంటారు. నీ చేతిలో ఓడితే నేను ఊరొదిలి పోవాలి. నాకేం వస్తుంది చెప్పు?"

కాబట్టి రోజూ కాకా నేను, నేను కాకా. వేకువనే మట్టిని పలుగుతో తిరగేసేవాళ్ళం. మజ్జిగా పసుపూ నూనే కలిసిన ఆ ఎర్రమట్టి వాసనకే నాకు ఒళ్ళు వేడెక్కేది. కాకా తన నుదురు నా నుదుటికి ఆనించి, మెడ మీద చెయ్యేసి కిందికి అదిమేవాడు. గేదె వచ్చి మెడ మీద తల వాల్చినట్టుండేది. నా కాళ్ళు చీలమండల దాకా మట్టిలో దిగబడేవి.

"మొయ్యకే," అనేవాడు చెవిలో. "ఎందుకు మోస్తావు? ఈ బరువు ఎటు పోదామని చూస్తోందో కనిపెట్టు. కనిపెట్టి అటే తోవ చూపించు. పోయేదాన్ని పోనీ."

తర్వాత్తర్వాత దేశమంతా తిరిగాను, రబ్బరు పరుపుల మీద ఎంతమందితోనో కలబడ్డాను. ఆ ఒక్క మాటకి మించి నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు.

కార్తీకం చివర్లో ఒక పొద్దున, కలబడిన కాసేపటికే కాకా నా తుంటి మీదుగా జారి వెల్లకిలా పడ్డాడు. నాకు ఆశ్చర్యం. కాకా ఇచ్చే పాటు నాకు బాగా తెలుసు. ఇవ్వబోయే ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేవాడు, అదే నాకు గుర్తు, వెంటనే తల కింద చెయ్యి పెట్టేదాన్ని. ఆ రోజు ఊపిరి బిగబట్టలేదు. చెయ్యి పెట్టే సందు కూడా దొరకలేదు.

"కాకా, ఇచ్చావా, తీసుకున్నానా?"

పడుకునే నవ్వాడు. "ఇచ్చాను."

"ఇంత తొందరగానా?"

"చలిగా ఉందే. ఇంటికెళ్ళి టీ తాగుదాం."

గోడవార బస్కీలు తీస్తున్న సంగ్రామ్ ఆగి, "కాకా పిల్లకి బెల్లమ్ముక్క పెడుతున్నాడ్రా" అన్నాడు. అందరూ నవ్వారు. కాకా కూడా నవ్వుతూ, కుడిచెయ్యి ఆనించి మెల్లగా లేచాడు.

పుష్యమాసం వచ్చేసరికి కాకా అందరికీ ఇవ్వడం మొదలెట్టాడు. ఇది ఊరంతా మాట్లాడుకున్న విషయం. సంగ్రామ్‌కి ఒక్క పొద్దునే రెండు పాట్లు ఇచ్చాడు. నిన్నగాక మొన్న మీసం మొలిచిన వాళ్ళకి కూడా పడ్డాడు. అడిగినవాడికల్లా "ఇచ్చానురా, పో" అనేవాడు. వాళ్ళు వీపు దులుపుకుంటూ, విజిలేసుకుంటూ పోయేవాళ్ళు. గుళ్ళో ప్రసాదం పంచినట్టు పంచుతున్నాడు, కాకా సాధువైపోతున్నాడు అన్నారు. మెత్తగా దించడం కూడా మానేశారు. ఇచ్చేవాడే అంత సులువుగా ఇస్తుంటే పుచ్చుకునేవాడికి మర్యాద ఎక్కడ గుర్తుంటుంది.

మా ముజావర్ వస్తాద్‌కి ఇది నచ్చలేదు. మా అందరికీ గురువు, డెబ్భై ఏళ్ళ మనిషి, తాలింఖానా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నన్ను మట్టిలోకి రానిచ్చింది ఆయనే. రానివ్వడమంటే, మొదట్లో నన్ను చూసి తల అడ్డంగా ఊపేవాడు, కొన్నాళ్ళకి ఊపడం మానేశాడు.

"ఖండూ," అన్నాడొకరోజు, "కుర్రాళ్ళకి అంత తీపి పెట్టకు. జాతర కుస్తీల్లో అవతలి ఊరివాడు వీళ్ళకి బెల్లం పెట్టడు."

"వయసొస్తోంది వస్తాద్. పిల్లలు గెలిస్తే చూడాలనిపిస్తోంది."

"వయసా? నీకా? నీ వయసులో నేను ఇంకా పెళ్ళిచూపులకి వెళ్ళేవాణ్ణి," అన్నాడు వస్తాద్. మళ్ళీ అందరూ నవ్వారు.

ఇంట్లోనూ అలాంటివే. కాకా బొత్తాల చొక్కాలు మానేసి, బనీను మీద శాలువా కప్పుకుని తిరగడం మొదలెట్టాడు. "మరిదిగారికి ఈ వయసులో పెద్ద పహిల్వాన్ల సోకు పట్టుకుంది" అంది అమ్మ. టీ సాసర్లో పోసి ఇస్తే చేతికి తీసుకోకుండా కిందే పెట్టుకుని, దాని మీదికి వంగి తాగేవాడు. "పిల్లిలా ఏమిట్రా అది?" అని ఆజీ కసిరింది. "వేడిగా ఉందమ్మా" అన్నాడు. వేడిగానే ఉంది. మేమెవరమూ ఇంకేదీ అనుకోలేదు. రోజూ మా కళ్ళెదుట కూర్చుని రొట్టె తిన్న మనిషి. ఎలా అనుకోలేదో నాకు ఇప్పటికీ అంతు పట్టదు.

నా గొడవ నాది. జాతర దగ్గర పడుతోంది. కాకా రోజూ పడుతున్నాడు, రోజూ "ఇచ్చాను" అంటున్నాడు. అందరికీ పడే మనిషి నాకూ పడితే దానికి విలువేముంది? పైగా ఇవ్వడంలోనూ శ్రద్ధ పోయింది. మధ్యలో, పట్టు సరిగ్గా బిగించకముందే, గోడ కూలినట్టు కూలిపోయేవాడు. నేనంటే లెక్కలేదని అనుకున్నాను. హోలీ ముందు మా బెల్లం వండుతున్నప్పుడు బట్టీ దగ్గరికెళ్ళాను. కాకా పెనం పక్కన కూర్చుని నురగ చూస్తున్నాడు. కలియబెట్టే గరిటె పాలేరు చేతిలో ఉంది. ఎప్పుడూ ఆ గరిటె ఇంకొకడి చేతికిచ్చే మనిషి కాదు.

"కాకా, రేపట్నుంచి నాకివ్వొద్దు."

"ఏం ఇవ్వొద్దు?"

"పాటు. ఒక్కటి కూడా. పొద్దున్నంతా నన్నే పడెయ్. మెడ విరిగినా సరే. నువ్విచ్చే పాట్లతో నేను ఎక్కడికీ పోలేను. ఆజీకి నువ్వు అబద్ధం చెప్పవని నాకు తెలుసు. ఇస్తూనే ఉంటే 'తీసుకుంది' అని ఎట్లా అంటావు?"

కాకా పెనంలోకే చూస్తున్నాడు. పాకం ఎర్రబడి గుడగుడమంటోంది.

"సరే," అన్నాడు. "ఇవ్వను."

"మారుతి మీద ఒట్టు?"

"ఒట్టు. కానీ నువ్వు కూడా మెత్తగా దించకూడదు. నేనివ్వనప్పుడు నువ్వెందుకు దించాలి? పూర్తిగా తిప్పి వెయ్. సగంలో చెయ్యి వదిలావంటే నేనే తంతాను."

ఆ మాట మా ఇద్దరికే తెలుసు. పాలేరు పాకం గోలలో ఉన్నాడు.

మర్నాడు కలబడ్డాం. మెడ మీద కాకా చెయ్యి, ఎప్పటిలాగే బరువుగా. కుడిచెయ్యి. నేను వంగి, దూరి, తిరిగాను. పడ్డాడు. నేను వెల్లకిలా పడి ఉన్న మనిషి మీదే కూర్చుని, ఊపిరందకుండా అడిగాను. "ఒట్టేశావు కదా. ఇది తీసుకున్నదే కదా?"

కాకా నా మొహంలోకి చూశాడు. నా వెనకనుంచి సంగ్రామ్, మిగతావాళ్ళు కూడా చూస్తున్నారు. వస్తాద్ కుర్చీలో ముందుకి వంగాడు. కాకా కుడిచేత్తో గుప్పెడు మట్టి తీశాడు. నేను భుజాలు ముందుకి వంచాను. ఆ మట్టి వేళ్ళ సందుల్లోంచి కిందికి వదిలేశాడు.

"ఇచ్చాను," అన్నాడు. "అలవాటైపోయిందే."

నేను ఏడుస్తూ ఇంటికెళ్ళాను. రెండురోజులు కాకాతో మాట్లాడలేదు. కాకా కూడా నన్ను బుజ్జగించలేదు. మూడోరోజు వేకువన మాత్రం గుమ్మంలో నిలబడి, "జాతర వాళ్ళు ఆగరు, లే" అన్నాడు.

జాతరకి ఇంక వారం ఉందనగా, ఒక పొద్దున. ఆ రోజు తాలింఖానా నిండుగా ఉంది, బయటి ఊళ్ళ నుంచి కూడా కుర్రాళ్ళొచ్చారు. కాకా నేను ఎప్పటిలాగే కలబడ్డాం. ఆ రోజు కాకా నన్ను బాగానే పడేశాడు. మెడ వంచి, బోర్లా తొక్కి, నోట్లోకి మట్టి పోయేలా. నాకు సంతోషమేసింది. ఒట్టు గుర్తుంచుకున్నాడు అనుకున్నాను. లేచి మళ్ళీ నుదుటికి నుదురు ఆనించాను. బరువు కుడివైపు నుంచి వస్తోంది, ఎడమవైపు ఖాళీ. ఎటు పోదామని చూస్తోందో తెలిసిపోయింది. కాకా కుడిచెయ్యి నా చంకలో బిగించి, నడుము తిప్పి, నూటపది కిలోలనీ తుంటి మీదికెత్తుకున్నాను. ఢాక్ అంటాం ఆ పట్టుని. సగంలో వదలొద్దన్నాడు కదా. వదల్లేదు.

ఢాక్‌లో పడేవాడు ఖాళీగా ఉన్న చేతిని ముందు మట్టికి ఆనిస్తాడు. పసిపిల్లలకి కూడా మొదట నేర్పేది అదే. కాకా ఎడమచెయ్యి రాలేదు. తల ముందు వెళ్ళింది.

చప్పుడు పెద్దగా లేదు. మట్టి మెత్తన.

"శభాష్," అన్నాడు ఎవడో. సంగ్రామ్ ఈల వేశాడు. "ఇవాళ కాకా బాగా ఇచ్చాడు. ఇంత బాగా మాకెప్పుడూ ఇవ్వలేదే."

కాకా వెల్లకిలా పడుకుని పైకప్పు వైపు చూస్తున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. మొహంలో నొప్పి లేదు.

"లే కాకా."

"ఉండవే. కాసేపు ఉండనీ. మట్టి చల్లగా ఉంది."

మేమంతా చుట్టూ నిలబడి నవ్వుతున్నాం. కాకా ఆటపట్టిస్తున్నాడని. ఒకడు కాలి బొటనవేలితో కాకా అరికాలు గిలిగింత పెట్టాడు కూడా. అప్పుడొక ఈగ వచ్చి కాకా పెదవి మీద వాలింది. అక్కణ్ణుంచి ముక్కు మీదికి పాకింది. ముక్కు మీంచి కంటిరెప్ప మీదికి. కాకా రెప్ప అల్లాడింది. ఈగ లేచి మళ్ళీ అక్కడే వాలింది. కాకా చేతులు రెండూ మట్టిలో అరచేతులు పైకి పెట్టి ఉన్నాయి. అవి ఆ ఈగని తోలలేదు.

నవ్వుతున్న వాళ్ళు ఒక్కొక్కరే ఆగారు. వస్తాద్ కుర్చీలోంచి లేచిన చప్పుడు వినపడింది.

చెరకు ట్రాలీలో పరుపు వేసి కాకాని మిరజ్ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నాన్నే తోలాడు. డాక్టరు కుర్రవాడు. కాకా ఎడమచేతిని పైకెత్తి వదిలితే అది మంచం మీద పడింది. బొటనవేలి కింద, దిట్టంగా కండ ఉండాల్సినచోట, వేలితో నొక్కి చూపించాడు. అక్కడ గుంట పడి ఉంది. అమ్మ ఆ చేతికేసి చూసి గోడకి ఆనుకుంది. ఆ చేతి పక్కనే రోజూ కంచంలో రొట్టె పెట్టింది ఆమే.

"మెడలో ఎముకలు అరిగి నరాల మీద కూర్చున్నాయి," అన్నాడు డాక్టరు. "కుస్తీవాళ్ళకి వస్తుంది. ఇప్పుడు తగిలిన దెబ్బతో కుడిచెయ్యి కూడా పోయింది. ఆపరేషన్ చేద్దాం, నడిస్తే నడవొచ్చు. చేతుల సంగతి నేను మాటివ్వలేను. కానీ ఇది ఇవాళ్టిది కాదు. ఈ చెయ్యి ముందే పోయింది. ఎప్పట్నుంచి?"

డాక్టరు కాకా మీదికి వంగి మళ్ళీ అడిగాడు. "ఎప్పట్నుంచి పహిల్వాన్‌గారూ? వస్తువులు చేతిలోంచి జారిపోవడం, తిమ్మిర్లు?"

కాకా పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తూ ఉండిపోయాడు. చెవులు కూడా పోయాయేమోనని డాక్టరు చెవి దగ్గర చిటికె వేశాడు. కాకా రెప్ప వేశాడు. అంతే.

పాలడబ్బా, కాలవ గట్టు, నోరు తెరవమన్న ఆజీ, అన్నీ ఒకేసారి నా మీద పడ్డాయి.

జాతర ముందురోజుకి కాకాని ఇంటికి తెచ్చాం. ఆపరేషన్‌కి చైత్రం దాటాక రమ్మన్నారు, మెడకి పట్టీ వేసి పంపారు. అప్పటికే ఊళ్ళో ఇంకో మాట పుట్టింది. ఈసారి హౌసాబాయి ఒక్కతే కాదు, అందరూ. పెద్దమనిషి పాపం ముద్దుకొద్దీ ఇస్తుంటే, ఆ అంజనా విసిరికొట్టిందట. తల కింద చెయ్యి పెట్టలేదట. ఇచ్చిన మనిషిని విరిచిందట. తాలింఖానా గుమ్మంలో నా చెప్పులు ఉంటే ఎవడో తీసి రోడ్డు మీద పారేశాడు. నేను నోరు తెరవలేదు. బట్టీ దగ్గర వేసిన ఒట్టు గురించి చెప్తే ఎవరు నమ్ముతారు? ఒట్టేసిన మర్నాడే అందరి ముందూ "ఇచ్చాను" అన్నాడు కదా.

సాయంత్రం కాకాని చూడ్డానికి తాలింఖానా అంతా వచ్చింది. జాతర డప్పులు అప్పటికే మొదలయ్యాయి. కుర్రాళ్ళు గోడవార నిలబడ్డారు, సంగ్రామ్ ముందు. వస్తాద్‌కి కుర్చీ వేశాం. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. నావైపు ఎవరూ చూడలేదు, చూడకుండా ఉండటానికి పడుతున్న కష్టం మాత్రం కనపడుతోంది.

ఆజీ లోపల్నుంచి ఇత్తడి పళ్ళెం తెచ్చింది. అందులో ఎర్రమట్టి. తాలింఖానాకి తనే వెళ్ళి తెచ్చిందని తర్వాత తెలిసింది. ఆ గడప ఆవిడ జన్మలో తొక్కలేదు. పళ్ళెం మంచం మీద పెట్టి, కాకా కుడిచెయ్యి ఎత్తి ఆ మట్టి మీద పెట్టింది. చెయ్యి ఎలా పెడితే అలా ఉంది. వేళ్ళు ముడుచుకోలేదు.

అమ్మ, "ఇప్పుడెందుకత్తయ్యా, వద్దు" అంది.

"ఇప్పుడే కావాలి. రేపు జాతర. నేను పెట్టిన గడువు నేనే మరిచిపోవాలా? దీన్ని చూసి ఊరు ఉమ్మేస్తోంది. ఉమ్మించుకోవాల్సిందే అయితే ఉమ్మించుకోనీ. కానీ వాడు చెప్పాలి."

"వదినా," అన్నాడు వస్తాద్ మెల్లగా, "పిల్లవాడికి బాగాలేదు."

"బాగాలేనిది చేతులకి. నోటికి కాదు." ఆజీ కాకా మొహం మీదికి వంగింది. ఆ రోజు అరుగు మీద నోరు వాసన చూసినప్పుడు ఎంత దగ్గరగా వంగిందో అంత దగ్గరగా. "ఖండ్యా, మట్టి మీద చెయ్యి పెట్టి ఉన్నావు. చెప్పు. ఆ రోజు నువ్విచ్చావా, అది తీసుకుందా?"

కాకా మెడ తిప్పలేడు. కళ్ళు మాత్రం తిప్పాడు. ముందు నన్ను వెతికాయవి. తర్వాత గోడవార ఒక్కొక్కరి మీదా ఆగుతూ వెళ్ళాయి. సంగ్రామ్, వాడి పక్కవాడు, ఆ పక్కన కొత్తగా మీసం మొలిచినవాడు. చివరికి ఆజీ దగ్గరికొచ్చాయి.

"దీపావళి తర్వాత," అన్నాడు, "నేనెవరికీ ఏదీ ఇవ్వలేదమ్మా."